ప్రాజెక్ట్ రిపోర్ట్ రాసేవాళ్లకు: రెఫరెన్సుల్లో ఇంటిపేరు చూసుకోండి

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, వరంగల్, హనుమకొండ కాలేజీల్లో ఇప్పుడు ప్రాజెక్టులు రాస్తున్నవాళ్లు ఇది ఒక్కసారి చదవండి. పరిశోధన వ్యాసాలు వెతికే గూగుల్ స్కాలర్‌లో 'సైట్' (Cite) నొక్కి వచ్చింది వచ్చినట్టు పేస్ట్ చేయకండి, ఎందుకంటే అది పేరులో చివరి మాటనే ఇంటిపేరు అనుకుంటుంది, మనకేమో ఇంటిపేరు ముందుంటుంది కాబట్టి చాలామంది రచయితలు 'రావు', 'రెడ్డి' కింద పడిపోతారు, అసలు ఇంటిపేరు ఒక పొడి అక్షరమై మిగులుతుంది. ఆ రచయిత తన పుస్తకాల మీద, పేపర్ల మీద పేరు ఎలా వేసుకున్నారో చూసి, వ్యాసం లోపలా చివరి జాబితాలోనూ ఒకేలా రాయండి. ఆ మనిషి కష్టం ఆ మనిషి పేరు మీదే ఉండాలి కదా.

రామప్ప మీద రాస్తున్నారనుకోండి. గుడి శాసనం 1213 నాటిదని వికీపీడియాలో కనిపిస్తే, కింద ఉన్న ఆధారం తెరిచి, నిజంగా చదివి, దాన్నే చూపండి. చదవని పుస్తకాన్ని చదివినట్టు మాత్రం రాయొద్దు, వేరే పుస్తకంలో చూసి ఉంటే ఆ మాటే చెప్పండి, రెఫరెన్సులు రాసే ఏపీఏ (APA) పద్ధతిలో దానికి దారి ఉంది.

జాబితాలో రెండో లైను లోపలికి జరగాలంటే స్పేస్‌లు కొట్టకండి, వర్డ్‌లో మొత్తం సెలెక్ట్ చేసి కంట్రోల్, టీ కలిపి నొక్కితే చాలు. ఎక్కువ పుస్తకాలుంటే రెఫరెన్సుల జాబితా తయారుచేసే జొటెరో (Zotero) సాఫ్ట్‌వేర్ వేసుకోండి, ఉచితమే, కానీ అందులో కూడా పేర్లు మీరే సరిచూడాలి.

ప్లేజియరిజం (కాపీ) శాతం గురించి టెన్షన్ పడి రెఫరెన్సులు తగ్గించుకోకండి, 2018 యూజీసీ నిబంధనల ప్రకారం ఆ జాబితాను లెక్కలోకి తీసుకోరు.