ఇంగ్లండు ఖజానా టాలీ కర్ర: నమూనా ఇలా చేయాలి

12వ శతాబ్దం నుంచి 1826 దాకా ఇంగ్లండు రాజు ఖజానాకు డబ్బు కట్టినవాళ్లకు రసీదుగా ఇచ్చింది చీల్చిన కర్రముక్క. పేరు టాలీ. వాడకం పోయాక మిగిలిన కర్రలను 1834 అక్టోబరు 16న ప్రభువుల సభ కింది కొలిమిల్లో తగలబెట్టారు. పొగగొట్టాలు వేడెక్కి పార్లమెంటు భవనం చాలావరకు కాలిపోయింది. అసలు టాలీలు ఈనాడు అరుదు. పిల్లలకు చూపించాలంటే చేసుకోవడమే మేలు.

అక్కడ వాడింది హేజెల్ కర్ర. మనకు దొరకదు కాబట్టి చారలు తిన్నగా ఉన్న ఏ పచ్చి కర్రయినా సరే, వెదురు మాత్రం వద్దు, లోపల బోలు. ముడి ఉంటే చీలిక అక్కడ దారి తప్పుతుంది. 20 సెం.మీ. పొడవు, 2 సెం.మీ. మందంతో నలుపలకగా చెక్కండి.

ఇక మొత్తాన్ని గాట్లతో రాయాలి. 23 పౌండ్ల 5 షిల్లింగుల 3 పెన్నీలు రాద్దాం. వెయ్యి పౌండ్ల గాటు అరచేతి మందం, వందకు బొటనవేలంత, ఇరవైకి చిటికెనవేలంత, ఒక పౌండుకు పండిన బార్లీ గింజంత. షిల్లింగుకు ఇంకా సన్నం, అయినా చెక్క ఊడాలి. పెన్నీకి కత్తి గీత చాలు. ఇక్కడే ఎక్కువమంది తప్పుతారు: గీత దగ్గర పొట్టు లేచినా అది షిల్లింగవుతుంది, అంటే 12 రెట్లు. మన మొత్తానికి చిటికెనవేలి గాటు ఒకటి, గింజ గాట్లు మూడు, సన్నవి ఐదు, గీతలు మూడు. అన్నీ పై ముఖాన, ఈ అంచు నుంచి ఆ అంచుదాకా. అసలువాటిలో కింది ముఖాన కూడా ఉండేవి.

చీల్చకముందే రెండు పక్క ముఖాల మీదా కట్టినవాడి పేరు, జిల్లా, రాజు ఏలుబడిలో ఎన్నో ఏడో సిరాతో రాయండి.

ఒక కొసకు 5 సెం.మీ. ఇవతల, పక్క ముఖం మీద సగం మందందాకా రంపంతో కోయండి. ఆ 5 సెం.మీ. కొసే పిడి. రెండో కొసన పై ముఖం మధ్యలో కత్తి నిలువుగా ఆనించి, మెల్లగా కొడుతూ ఆ కోతదాకా చీల్చండి. కత్తి అడ్డంగా పెట్టారో, గాట్లన్నీ ఒక సగానికే పోయి రెండోది ఖాళీగా మిగులుతుంది. చీలిక పక్కకు జరుగుతుంటే మందంగా ఉన్న సగాన్ని ఎక్కువ వంచండి, చీలిక అటు తిరుగుతుంది.

పిడి ఉన్న పొడుగు ముక్క డబ్బు కట్టినవాడిది, పొట్టిది ఖజానాది. లెక్క చూసేటప్పుడు రెండూ కలిపి పట్టుకోవాలి. ఒకరు తన ముక్కలో గాటు పెంచితే రెండో ముక్కలో దాని జోడు ఉండదు. వేరే కర్రతో దొంగముక్క చేస్తే చారలే కలవవు.