చోళ్ల ఆకు రసంలో కౌంటు పడిపోతే ఏం చేయాలి?

మాది పర్లాకిమిడి. బరంపురం వైపు ఒక ల్యాబులో చోళ్ల మొక్కలకి, అదే రాగులకి, రేడియోధార్మిక కార్బన్-14 ఇచ్చి, ఆకులు నూరి రసాన్ని ఆ రేడియోధార్మికతని లెక్కపెట్టే మిషన్, లిక్విడ్ సింటిలేషన్ కౌంటర్‌లో పెట్టాను. పచ్చగా కళకళలాడే మొక్కకి తక్కువ కౌంటు, వాడిపోయిన దానికి ఎక్కువ! రెండు రోజులు ఒకటే టెన్షన్. చివరికి చూస్తే తప్పు మొక్కది కాదు, వయల్ (శాంపిల్ పోసే చిన్న సీసా) లోని ఆకుపచ్చ రంగుది.

కార్బన్-14 నుంచి వచ్చే బీటా కణం (వేగంగా దూసుకొచ్చే ఎలక్ట్రాన్) శక్తి వయల్‌లోని సాల్వెంట్ ద్వారా ఫ్లూర్ అనే మెరిసే పదార్థానికి చేరితే అది నీలి వెలుగు చిమ్ముతుంది, మిషన్ లెక్కపెట్టేది ఆ వెలుగునే. క్లోరోఫాం, అసిటోన్ లాంటివి ఆ శక్తిని దారిలోనే మింగేస్తాయి, ఇది కెమికల్ క్వెంచింగ్ (క్వెంచింగ్ అంటే కౌంటుని తగ్గించేయడం). రంగు మాత్రం పుట్టిన వెలుగునే తాగేస్తుంది, మసిపట్టిన లాంతరు గ్లాసులాగా. ట్రిటియం (రేడియోధార్మిక హైడ్రోజన్) బీటా కణం శక్తి గరిష్ఠంగా 18.6 కిలో ఎలక్ట్రాన్ వోల్టులు, కార్బన్-14ది 156, అందుకే ట్రిటియానికే దెబ్బ ఎక్కువ.

ముందు వయల్‌ని కిటికీ దగ్గర పెట్టి చూడండి. మబ్బుగా ఉన్నా, పొరలుగా విడిపోయినా శాంపిల్ తగ్గించండి లేదా కాక్‌టెయిల్ (సాల్వెంట్, ఫ్లూర్ కలిసిన ద్రవం) మార్చండి, అలాంటి వయల్‌ని లెక్కపెట్టడం దండగ.

తర్వాత ఎఫిషియన్సీ, అంటే నిజంగా జరిగిన విచ్ఛిన్నాల్లో మిషన్ ఎంత శాతం లెక్కపెట్టిందో అది. కొద్ది శాంపిళ్లే ఉంటే ఇంటర్నల్ స్టాండర్డ్ చాలు. బ్యాక్‌గ్రౌండ్ (శాంపిల్ లేకపోయినా వచ్చే కౌంటు) తీసేశాక నిమిషానికి 3,000 కౌంట్లు వచ్చాయనుకోండి. అదే వయల్‌లో 20,000 డీపీఎం (నిమిషానికి విచ్ఛిన్నమయ్యే పరమాణువుల సంఖ్య) ఉన్న కార్బన్-14 స్టాండర్డ్ వేసి మళ్లీ లెక్కిస్తే 15,000 వచ్చింది. పెరిగింది 12,000, అంటే ఎఫిషియన్సీ 60 శాతం. 3,000ని 0.6తో భాగిస్తే 5,000 డీపీఎం, అదీ అసలు లెక్క. స్టాండర్డ్ పడ్డాక ఆ వయల్ మళ్లీ పనికిరాదు, కాబట్టి మొదటి కౌంటు ముందే రాసిపెట్టుకోండి.

శాంపిళ్లు ఎక్కువైతే క్వెంచ్ కర్వ్, అంటే క్వెంచింగ్ పెరిగేకొద్దీ ఎఫిషియన్సీ ఎంత తగ్గుతుందో చూపే గీత, గీయాలి. ఒకే డీపీఎం ఉన్న ఏడెనిమిది వయల్స్‌లో నైట్రోమీథేన్ కొంచెం కొంచెం పెంచుతూ వేస్తారు, కానీ నైట్రోమీథేన్ చేసేది కెమికల్ క్వెంచింగే, రంగు పని కాదు, కాబట్టి చిక్కటి ఆకు రసానికి ఆ కర్వ్ నమ్మకండి. రేడియోధార్మికత లేని మొక్క రసాన్నే పెంచుతూ వేసి వేరే కర్వ్ గీసుకోండి, అది నాకు ఆలస్యంగా తట్టింది.

రంగు మరీ ఎక్కువైతే కాక్‌టెయిల్ కలపకముందే కొంచెం హైడ్రోజన్ పెరాక్సైడ్ వేసి గోరువెచ్చగా ఉంచితే తెల్లబడుతుంది. గ్లోవ్స్, కళ్లద్దాలు తప్పనిసరి, మూత బిగించకండి. కాక్‌టెయిల్ పోసిన వెంటనే లెక్కపెట్టారో, కెమిల్యూమినిసెన్స్ (రసాయన చర్య వల్ల పుట్టే వెలుగు) దొంగ కౌంట్లు ఇస్తుంది. రాత్రంతా చీకట్లో ఉంచి పొద్దున్న మళ్లీ చూడండి, కౌంటు ఇంకా పడిపోతూనే ఉంటే ఇంకో పూట ఆగండి.