కింద చిక్కు పడితే పైన వెతకండి: ఎంబ్రాయిడరీ మిషన్ సమస్యలు - పరిష్కారాలు

శ్రావణమాసం వచ్చిందంటే శ్రీకాకుళంలో బ్లౌజు వర్కు చేసేవాళ్లకు తీరిక ఉండదు. దసరా, కార్తీకం, ఆ తర్వాత మాఘమాసం పెళ్లిళ్లు. సరిగ్గా ఆ రోజుల్లోనే మిషన్ మొరాయిస్తుంది. ఏడు రోడ్ల జంక్షన్ దగ్గర మా చిన్న షాపులో పన్నెండు సూదుల కంప్యూటర్ మిషన్ ఒకటి ఉంది. కొత్తగా మిషన్ కొన్న ఆడపిల్లలు ఏడుపు గొంతుతో ఫోన్ చేస్తుంటారు. వాళ్లకు చెప్పేవే ఇక్కడ రాస్తున్నాను.

ఏ ఇబ్బంది వచ్చినా ముందు పై దారం పూర్తిగా తీసి మళ్లీ ఎక్కించండి. తర్వాత సూది మార్చండి. ఆ తర్వాత బాబిన్ కేస్ (కింది దారం చుట్టిన బాబిన్‌ని పెట్టే డబ్బీ) దులపండి. ఈ మూడూ అయ్యేదాకా టెన్షన్ (దారం బిగువు) మార్చే స్క్రూ జోలికి వెళ్లొద్దు. సరిగ్గా ఉన్న స్క్రూని తిప్పేస్తే ఒక సమస్య రెండవుతుంది.

గుడ్డ కింద దారం గూడు కడుతోంది

అందరినీ ఎక్కువగా ఏడిపించేది ఇదే. మా దగ్గర పని నేర్చుకునే అమ్మాయి మొదటి వారంలోనే "అక్కా, బాబిన్ పాడైపోయింది" అంటూ వచ్చింది. చిక్కు కింద కనిపిస్తోంది కాబట్టి తప్పు కూడా కిందే ఉందనుకుంటాం. నిజానికి ఎక్కువసార్లు తప్పు పైనే ఉంటుంది. పై దారానికి టెన్షన్ అందకపోతే అది వదులుగా కిందికి దిగిపోతుంది. కింద తిరిగే హుక్కు (పై దారాన్ని పట్టే కొక్కెం) దాన్ని బాబిన్ చుట్టూ తిప్పుతుంది గానీ, తిరిగి పైకి లాక్కునే బిగువు ఉండదు. ఆ ఉచ్చులన్నీ గుడ్డ కిందే పేరుకుపోతాయి.

ఇంట్లో వాడే మిషన్ అయితే గుడ్డని నొక్కి పట్టే ఫుట్ పైకి ఎత్తి దారం ఎక్కించండి. ఫుట్ దించి ఉంటే దారాన్ని బిగించే టెన్షన్ బిళ్లలు మూసుకుని ఉంటాయి, దారం వాటి మధ్యకు దిగదు. పెద్ద మిషన్‌లో దారాన్ని రెండు చేతులతో పట్టుకుని బిళ్లల మధ్యకు గట్టిగా లాగండి. లోపల కూర్చున్నప్పుడు చేతికి ఆ బిగువు తెలుస్తుంది.

అప్పటికీ తగ్గకపోతే బాబిన్ కేస్ చూడండి. దాని పక్కన పల్చటి స్ప్రింగు రేకు ఉంటుంది కదా, దాని కింద నువ్వుగింజంత నూగు ఇరుక్కున్నా దారం వదులైపోతుంది. పాత విజిటింగ్ కార్డు అంచుని రేకు కిందికి దూర్చి మెల్లగా లాగితే నూగు బయటికి వస్తుంది. పెద్ద మిషన్ల బాబిన్ కేస్ అయితే తర్వాత దారం చివర పట్టుకుని వేలాడదీయండి. ఊరికే జారిపోతే వదులు. చెయ్యి చిన్నగా కుదిపినప్పుడు అంగుళమో రెండంగుళాలో దిగి ఆగితే సరిగ్గా ఉన్నట్టు. అసలు కదలకపోతే బిగువు. స్క్రూ తిప్పక తప్పకపోతే ముందు దాని గాడి ఎటు ఉందో పెన్నుతో గుర్తు పెట్టుకుని, కొంచెం కొంచెంగానే తిప్పండి.

సరిపోయిందో లేదో శాటిన్ కుట్టు (పక్కపక్కనే ఒత్తుగా వేసే కుట్టు) వెనకవైపు చూస్తే తెలిసిపోతుంది. తెల్ల బాబిన్ దారం మధ్యలో మూడో వంతు, రెండు పక్కలా రంగు దారం కనిపించాలి.

దారం పదేపదే తెగిపోతోంది

తెగిన కొసని వెలుతురులో పెట్టి చూడండి. పీచులా చిట్లి ఉంటే దారం ఎక్కడో రాసుకుంటోంది. ముందుగా సూదినే అనుమానించాలి. మొనని గోరు మీద మెల్లగా జరపండి, గీసుకున్నట్టు తగిలితే ఆ సూది పారేయండి. ఎనిమిది గంటలు కుట్టాక సూది మార్చేయడం మంచి అలవాటు. సూది ధర ఎంత, పాడైన రా సిల్క్ బ్లౌజు ధర ఎంత? మామూలు వర్కుకు 75/11 సూది చాలు. పెద్ద మిషన్‌కు సూది పెట్టేటప్పుడు పొడుగు గాడి మన వైపు, కన్ను దగ్గరి గుంట వెనక్కి ఉండాలి.

కొస నున్నగా తెగి ఉంటే పై టెన్షన్ ఎక్కువైందో, దారం కోన్ కింద చుట్టుకుందో చూసుకోండి.

జరీ దారం సంగతి వేరు. దానికి కన్ను పెద్దగా ఉండే 90/14 సూది పెట్టి, పై టెన్షన్ తగ్గించి, వేగం నిమిషానికి 400, 500 కుట్లకు దించండి. ఆర్డరు తొందరలో ఉందని 800 మీద నడిపితే తెగిన దారం ఎక్కించడానికే పొద్దు పోతుంది.

వర్కు చుట్టూ గుడ్డ ముడతలు పడుతోంది

ఫ్రేమ్‌లో గుడ్డని సాగదీసి బిగించడమే దీనికి పెద్ద కారణం. విప్పగానే గుడ్డ మళ్లీ దగ్గరికి లాక్కుంటుంది, కుట్లు మాత్రం ఉన్నచోటే ఉంటాయి. గుడ్డని, దాని అడుగున ఆసరాగా వేసే పేపర్‌తో కలిపి ఫ్రేమ్‌లో పెట్టి చదునుగా బిగించండి. బిగించాక అంచులు పట్టుకుని లాగొద్దు. సాగే గుడ్డకు కుట్టాక చింపి తీసే పేపర్ పనికిరాదు, మిగిలింది కత్తిరించే రకం వెయ్యాలి. నెట్ మీద అయితే నీళ్లలో కరిగే షీట్ వెయ్యండి.

పొందూరు ఖద్దరు మీద వర్కు అడిగితే నేను ఇంకాస్త జాగ్రత్త పడతాను. వాలుగ చేప దవడతో దువ్విన పత్తిని చేత్తో వడికి నేసిన సన్నని బట్ట అది. రా సిల్క్‌కు వేసే ఒత్తు డిజైన్‌నే దాని మీద వేస్తే బట్ట మోయలేదు. డిజైన్‌లో కుట్ల ఒత్తు తగ్గించి, పల్చటి గీత వర్కు వేయించుకోమని చెబుతాను. ఒప్పుకోకపోతే ఆ ఆర్డరు తీసుకోను.

దారం తెగకపోయినా మిషన్ ఆగిపోతోంది

దారం తెగిందీ లేనిదీ చూసే చిన్న చక్రానికి దారం సరిగ్గా చుట్టుకోలేదు, లేదా అందులో నూగు చేరింది. దులిపి మళ్లీ చుట్టండి. బాబిన్ అయిపోయిందేమో కూడా చూడండి.

డిజైన్ పక్కకు జరిగింది

బ్లౌజు గుడ్డ మిగతా భాగం టేబుల్ కిందికి వేలాడితే ఆ బరువే ఫ్రేమ్‌ని లాగేస్తుంది. మడిచి పైన పెట్టుకోండి. ఫ్రేమ్ క్లిప్పులు వదులయ్యాయేమో చూడండి. కరెంటు పోయి వచ్చాక జరిగిందంటే, ఆగినప్పుడు తెర మీద కుట్టు నంబరు ఎంతుందో రాసుకుని అక్కడి నుంచే మొదలుపెట్టాలి. ఫ్రేమ్ మాత్రం విప్పకూడదు. మన దగ్గర కరెంటు ఎక్కువ తక్కువలు అవుతుంటాయి కాబట్టి యూపీఎస్ తప్పకుండా పెట్టుకోండి.

చాలా రోజులు ఆపిన మిషన్ గరగరమంటోంది

2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను వచ్చాక మాకు రోజుల తరబడి కరెంటు లేదు. మిషన్ మీద దుప్పటి కప్పి వదిలేశాను. తర్వాత తీసి చూస్తే హుక్కు మీద ఎర్రగా తుప్పు. సముద్రపు గాలి ఉన్న ఊళ్లలో అది ఊరుకోదు. ఇప్పుడు మిషన్ ఆపేటప్పుడు బాబిన్ కేస్ తీసి, హుక్కు గాడిలో ఒక్క చుక్క మిషన్ నూనె వేసి, చేత్తో నాలుగు చుట్లు తిప్పుతాను. రోజూ పని మొదలుపెట్టే ముందు కూడా ఒక చుక్క. తర్వాత పాత గుడ్డ ముక్క మీద కాసేపు నడపండి, లేకపోతే మొదటి బ్లౌజు మీదే నూనె మరక పడుతుంది.

ఇవన్నీ చేశాక కూడా కొత్త సూదితో కుట్లు తప్పుతున్నా, హుక్కు సూదికి తగిలి టక్ టక్ మంటున్నా అది టైమింగ్ సమస్య, అంటే సూది, హుక్కు ఒకదానికొకటి సరైన సమయానికి కలవడం లేదన్నమాట. అది మెకానిక్ చెయ్యాల్సిన పని. అతను వచ్చేలోపు తప్పు కుట్టిన గుడ్డ ముక్కని పారేయకుండా ఉంచి, ముందువైపు, వెనకవైపు రెండూ చూపించండి.