ఎన్‌డిపి-ఎంఎస్‌హెచ్ వయల్ తెరిచే ముందు

బి16 అనే ఎలుక చర్మ క్యాన్సర్ కణాల్లో మెలనిన్ అనే నల్లటి రంగు పెరుగుతుందో లేదో చూసే ప్రయోగం చాలాసార్లు కణాల దాకా రాకముందే, పొడి ఉన్న చిన్న సీసా, అంటే వయల్ దగ్గరే పాడవుతుంది. ఎన్‌డిపి-ఎంఎస్‌హెచ్ అంటే మన ఒంట్లో మెలనిన్‌ని పెంచే ఆల్ఫా-ఎంఎస్‌హెచ్ హార్మోన్‌కే చిన్న మార్పులు చేసిన 13 అమైనో ఆమ్లాల గొలుసు, అంటే పెప్టైడ్. నాలుగో స్థానంలో తేలిగ్గా ఆక్సీకరణం చెందే మెథియొనిన్‌కి బదులు నార్‌ల్యూసిన్, ఏడో స్థానంలో డి-ఫినైల్‌అలనిన్ పెట్టారు, అందుకే ఎంజైములు దీన్ని అంత త్వరగా తెంచలేవు. 1980లో అరిజోనా విశ్వవిద్యాలయం వాళ్లు దీన్ని ప్రచురించారు.

ఫ్రీజర్‌లోంచి తీసిన వయల్‌ని వెంటనే తెరవకండి. నేను ఒకసారి తెరిచాను, చల్లటి గాజుకి గాల్లో తేమ పట్టి, మంచులా తెల్లగా ఉన్న పొడి కాసేపటికే అడుగున జిగురులా అతుక్కుపోయింది. గది ఉష్ణోగ్రతకి వచ్చాక ఒకసారి సెంట్రిఫ్యూజ్ తిప్పి, అప్పుడు మూత తీయండి.

ఇప్పుడు లెక్క. అణుభారం సుమారు 1647 కాబట్టి 1 మిల్లీగ్రాముకి 607 మైక్రోలీటర్ల స్టెరైల్ నీళ్లు పోస్తే 1 మిల్లీమోలార్ స్టాక్ వస్తుంది అనుకుంటాం. కానీ ఆ పొడిలో లవణం, తేమ కూడా ఉంటాయి. సర్టిఫికెట్‌లో 98 శాతం ప్యూరిటీ అని ఉన్నా అది వేరే సంగతి, చూడాల్సింది నెట్ పెప్టైడ్ కంటెంట్, అంటే పొడి బరువులో నిజంగా పెప్టైడ్ ఎంతో. అది 80 శాతమైతే పోయాల్సింది 486 మైక్రోలీటర్లే. గట్టిగా కుదపకుండా మెల్లగా తిప్పి కరిగించి, చిన్న చిన్న భాగాలు చేసి మైనస్ 80లో పెట్టేయండి, ఒకే ట్యూబుని మళ్లీమళ్లీ కరిగించి గడ్డకట్టించొద్దు. బాగా పలచన చేస్తే పెప్టైడ్ ప్లాస్టిక్‌కి అంటుకుపోతుంది, అందుకని పలచన చేసే ద్రావణంలో 0.1 శాతం బీఎస్ఏ (ఆవు రక్తం నుంచి తీసే ప్రొటీన్) కలపండి.

స్టాక్‌ని వెయ్యి రెట్లు పలచన చేసి, కణాలు పెరిగే ద్రవం, అంటే మీడియం, మిల్లీలీటరుకి 10 మైక్రోలీటర్లు వేస్తే 10 నానోమోలార్, మొదలుపెట్టడానికి అది చాలు. 72 గంటలు ఉంచండి. పోల్చడానికి పెప్టైడ్ లేని వెల్ (ప్లేటులోని గుంట) తప్పనిసరి, ఎందుకంటే డీఎంఈఎం అనే మీడియంలో మెలనిన్‌కి ముడిసరుకైన టైరోసిన్ ఎక్కువ, కణాలు ఒత్తుగా పెరిగితే వాటంతటవే నల్లబడతాయి, ఆ నలుపుని చూసి పెప్టైడ్ పనిచేసిందని మోసపోతాం.

చివర్లో కణాలను కడిగి, 1 నార్మల్ సోడియం హైడ్రాక్సైడ్‌లో 80 డిగ్రీల దగ్గర గంటసేపు కరిగించి, 405 నానోమీటర్ల దగ్గర రీడింగ్ తీసుకోండి. కళ్లద్దాలు, గ్లవ్స్ మర్చిపోవద్దు. వచ్చిన అంకెని కణాల సంఖ్యతో భాగించాకే ఏ వెల్ ఎక్కువ నల్లగా ఉందో చెప్పండి.

ఇంకొకటి, ఇది గట్టిగా చెప్తున్నా: పరిశోధన కోసం అమ్మే ఈ పొడిని రంగు మారాలని ఎవరూ ఒంటికి ఎక్కించుకోకూడదు. ఆ వయల్ మనిషి కోసం తయారుచేసింది కాదు, ల్యాబ్‌లో మిగిలింది ఎవరైనా అడిగినా ఇవ్వకండి.