తారు పొర మాడ్యులస్ – 4వ పాఠం: గాలి వేడి కాదు, తారు వేడి

పోయినసారి రణస్థలం దగ్గర ఎన్‌హెచ్-16 మీద బరువు పడేసి రోడ్డు దిగుడు కొలిచినట్టు (ఎఫ్‌డబ్ల్యూడీ పరీక్ష) అనుకుని, తారు పొర మాడ్యులస్‌ని (గట్టితనాన్ని) 35 డిగ్రీలకి తెచ్చే లెక్క వేశాం. ఎక్కువమందికి 1,229 మెగాపాస్కల్ వచ్చింది. రావాల్సింది 1,765. బ్యాక్ కాల్క్యులేషన్‌లో (కొలిచిన దిగుడు నుంచి పొరల మాడ్యులస్ రాబట్టే లెక్కలో) తప్పు లేదు, తారు పొరకి 1,400 మెగాపాస్కల్ అని సరిగ్గానే తేల్చారు. దెబ్బ తిన్నది ఆ తర్వాతి మెట్టులో, వేడి సవరణలో. అందుకే ఈసారి మెటల్ (కంకర) పొర జోలికి పోకుండా ఆ మెట్టే మళ్లీ చూద్దాం.

మీరు తీసుకున్న 32 డిగ్రీలు గాలి వేడి. తారు పొర వేడి లెక్కతో ఇచ్చిన పట్టికలో దాని కింది గడిలోనే ఉంది: 40. ఎండెక్కితే నల్లరోడ్డు గాలిని దాటి కాగుతుంది. తారు మెత్తబడేది తన వేడికే గాని, చెట్టు నీడలో కట్టిన థర్మామీటరు చూపే వేడికి కాదు.

కొలిచే పద్ధతి: తారు పొరలో 40 మి.మీ. లోతు కన్నం వేయండి. డ్రిల్లు రాపిడి వేడి చల్లారనివ్వండి. నాలుగు చుక్కలు గ్లిజరిన్ పోసి, థర్మామీటరు దించి, అంకె నిలకడగా నిలిచాక రాయండి. గంటకోసారి మళ్లీ చూడాలి. ఇన్‌ఫ్రారెడ్ గన్ చూపేది పైచర్మం వేడి, దాన్ని ఈ గడిలో రాయొద్దు.

ఐఆర్‌సీ:115 (ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ మార్గదర్శకాలు) ప్రకారం 35 డిగ్రీలకి మార్చే గుణకం: పైన 1 − 0.238 × సహజ లాగ్ 35, కింద 1 − 0.238 × సహజ లాగ్ (కొలిచిన వేడి). 40 వేస్తే పైన 0.1538, కింద 0.1220, గుణకం 1.26. అదే 32 వేస్తే 0.878. పెరగాల్సిన మాడ్యులస్ తగ్గింది, చూశారా? కొందరు పైది కిందికి, కిందిది పైకి వేసి 1,110 తెచ్చారు. వేడిలో కొలిస్తే పెరగాలి, చల్లదనంలో కొలిస్తే తగ్గాలి. ఇది గుర్తుంటే తిరగేసిన భిన్నం వెంటనే దొరుకుతుంది.

ఈ సూత్రం 25–40 డిగ్రీల మధ్యే. వేసవిలో మన జిల్లాల్లో మధ్యాహ్నానికే తారు పొర 40 దాటేస్తుంది కాబట్టి నా ఓటు పొద్దుటి పూటకే. గుణకం తారు పొరకి మాత్రమే, మట్టి మాడ్యులస్‌ని ముట్టుకోవద్దు.

లోడు సవరణ (కొలిచిన దిగుడుని ప్రామాణిక 40 కిలోన్యూటన్ల బరువుకి మార్చడం) తెలిసిందే: 38.6 కిలోన్యూటన్లకి 0.482 మి.మీ. దిగితే, 40కి 0.499.

అభ్యాసం: గజపతినగరం వైపు ఒకే బిందువు అనుకోండి. పొద్దున 27 డిగ్రీల దగ్గర 2,250, మధ్యాహ్నం 39 దగ్గర 1,350 మెగాపాస్కల్. రెండూ 35కి తెస్తే తేడా సుమారు ఒక శాతమే రావాలి. తర్వాత, తారు మందం 120 మి.మీ. ఉన్నచోట 110 అని పొరపాటున ఇస్తే మాడ్యులస్ ఎటు జరుగుతుందో, సుమారు ఎంతో, సాఫ్ట్‌వేర్ తెరవకుండా కాగితం మీద చెప్పండి. మందం ఘనాన్ని పట్టుకుంటే దారి దొరుకుతుంది.