ల్యాండ్‌లైన్ పెట్టించుకునే ముందు జాగ్రత్తలు

ఫోను ఎక్కడ ఉండాలో ముందే తేల్చుకోండి. ఇంట్లో పెద్దవాళ్లు ఉంటే వాళ్ల మంచం పక్కనే పెట్టించండి. మోగే ఫోను కోసం చీకట్లో హాల్లోకి పరుగెత్తే అవస్థ వాళ్లకు రాకూడదు.

• ఇప్పుడు ఎక్కువగా ఇస్తున్నది ఫైబర్ లైను, అంటే సన్నని గాజు పోగులో కాంతితో నడిచే లైను. పాత రాగి తీగకు ఎక్స్ఛేంజి నుంచే సుమారు 48 వోల్టులు అందేవి కాబట్టి ఇంట్లో కరెంటు పోయినా ఫోను పలికేది. ఫైబర్‌లో ఫోను తగిలించే పెట్టె, అంటే మోడెం, ఇంటి కరెంటుతోనే నడుస్తుంది; అది ఆగితే ఫోనూ ఆగుతుంది. మోడెంకు ఇన్వర్టర్ ప్లగ్గో, చిన్న బ్యాటరీయో తప్పకుండా సిద్ధం చేసుకోండి. రాత్రివేళ అంబులెన్సును పిలవాల్సి వస్తే దాని విలువ తెలుస్తుంది.

• ఫైబర్ తీగను తలుపు సందులో నలగనివ్వకండి, మూలల్లో మడవనివ్వకండి. తెగిన కొసలోకి తొంగి చూడవద్దు. రాలిన గాజు ముక్కలను టేపుతో అద్ది తీయించండి, పిల్లలు తిరిగే చోటు కదా.

• ఫోను తీగ చిన్న పిన్ను మోడెంలోని పెద్ద ఇంటర్నెట్ రంధ్రంలోనూ దూరుతుంది, కానీ డయల్ టోన్ రాదు. ఫోను గుర్తున్న రంధ్రమే చూడండి.

• గుర్తింపు, చిరునామా పత్రాలు చేతికందేలా ఉంచండి.

• మెకానిక్ వెళ్లేలోపే ల్యాండ్‌లైన్ నుంచి సెల్‌కు ఒక కాల్ చేయండి. 2021 జనవరి 15 నుంచి ఇలా చేసేటప్పుడు మొబైల్ నంబరు ముందు సున్నా కొట్టాలి. తర్వాత సెల్ నుంచి ల్యాండ్‌లైన్‌కు చేసి, గంట పడకగదిలోకి వినిపిస్తోందో లేదో చూడండి.