కుక్కల షెల్టర్‌లో గదులు ఎలా కడగాలి?

ఫినాయిల్ వాసన గుప్పుమంటే గది శుభ్రమైపోయిందనుకుంటాం. తిరుపతి దగ్గర ఒక షెల్టర్‌కి సేవకి వెళ్లిన కొత్తలో నేనూ అలాగే అనుకున్నాను. పార్వో అనే వైరస్ జబ్బుతో కుక్కపిల్లలు చనిపోయిన గదిని ఫినాయిల్‌తో తుడిచి, వారం తిరక్కుండానే వేరే పిల్లల్ని పెట్టాం. ఐదో రోజుకి వాటికీ వాంతులు, నెత్తుటి విరేచనాలు. పార్వో వైరస్ ఫినాయిల్‌కి లొంగదు. నేల సందుల్లో నెలల తరబడి బతుకుతుంది. ఆ పిల్లల్ని తలచుకునే ఇది రాస్తున్నాను.

ముందు వరస తప్పకూడదు. టీకాలు పూర్తికాని ఆరోగ్యమైన పిల్లల గది మొదట, తర్వాత పెద్ద కుక్కలవి, జబ్బు కుక్కలది అన్నిటికన్నా చివర. జబ్బు గదికి చీపురు, బకెట్, చెప్పులు వేరే ఉండాలి. చేతులకి గ్లవ్స్, కాళ్లకి బూట్లు వేసుకోండి. ఎలుకల మూత్రం నుంచి లెప్టోస్పైరోసిస్ అనే జబ్బు మనుషులకీ వస్తుంది.

కుక్కను బయట కట్టేసి, గిన్నెలు, గోనెపట్టాలు తీసేయండి. మలాన్ని పొడిగానే చేటలోకి ఎత్తాలి. పైపుతో నీళ్లు కొడితే అది చింది పక్క గదిలో పడుతుంది.

ఇక అసలు పని రుద్దడం. మురికి ఉన్నచోట బ్లీచింగ్ పనిచేయదు, దాని బలమంతా ఆ మురికికే సరిపోతుంది. మన దగ్గర నేలలన్నీ ఎక్కువగా కడప బండలే. బండ మెరుస్తుంటుంది గానీ, రెండు బండల మధ్య సందులో పుల్ల పెట్టి గీకితే నల్లటి జిగురు వస్తుంది. సబ్బుపొడి నీళ్లు పోసి, గట్టి బ్రష్‌తో ఆ సందులు, గోడ మూలలు, తూము నోరు రుద్దండి. కడిగి, నిలిచిన నీటిని వైపర్‌తో లాగేయండి.

ఇప్పుడు మందు. పది లీటర్ల నీళ్లకి 50-60 గ్రాముల తాజా బ్లీచింగ్ పౌడర్ కలిపి, అడుగున ముద్ద దిగాక పైతేట వాడాలి. 5 శాతం హైపోక్లోరైట్ ద్రావణమైతే, అంటే నీళ్లలా ఉండే బ్లీచ్ అయితే, 300 మిల్లీలీటర్లు చాలు. ఏ రోజుకి ఆ రోజే కలపండి. గడ్డకట్టి ఘాటు పోయిన పౌడర్ పారేయండి.

ఈ మందు చల్లాక నేల పది నిమిషాలు తడిగానే ఉండాలి. మే నెలలో మన ఎండకి మూడు నిమిషాల్లో ఆరిపోతుంది, మళ్లీ చల్లాలి. చాలామంది తప్పేది ఇక్కడే.

బాత్రూమ్ యాసిడ్‌ని బ్లీచింగ్‌తో ఎప్పుడూ కలపొద్దు, విషవాయువు వస్తుంది. పైగా కడప బండ సున్నపురాయి, యాసిడ్‌కి కరిగి గుంటలు పడుతుంది. పిల్లులున్న గదిలో ఫినాయిల్ పెట్టనే వద్దు, అది వాటికి విషం.

చివరగా మంచినీళ్లతో కడిగి ఆరనివ్వండి. నవంబరు వానల్లో ఫ్యాను పెట్టక తప్పదు. సందు మీద అరచేయి ఆనించి చూడండి. తడి తగలకపోతేనే కుక్కను లోపలికి వదలండి.